పొద్దుటి కానుక

పెళ్ళయిపోయింది. నిన్న చర్చి గుమ్మం ముందు, ఆగని వానలో, మా అన్న కూతురు లియోవెన్ చెయ్యి తీసుకెళ్ళి ఫ్రెంచి దొర సెర్లో చేతిలో పెట్టింది నేనే. పెట్టాల్సిన మా అన్న మూడేళ్ళ కిందట హేస్టింగ్స్ దగ్గర యుద్ధంలో మా రాజు పక్కనే పడిపోయాడు. సముద్రం దాటి ఫ్రెంచి వాళ్ళ కొత్త రాజు వచ్చాడు. మా ఎష్‌కోమ్ ఊరు ఊరంతా తీసి సెర్లోకి ఇచ్చాడు. ఊరితో పాటు ఊరి పిల్లని కూడా చేసుకుంటే గొడవలుండవని పైనున్న పెద్దలు సెలవిచ్చారు. లియోవెన్ మూడు రోజులు రొట్టె ముట్టకుండా ఆలోచించి, నాలుగో రోజు "సరే" అంది.

హమ్మయ్య అనుకుంటూ నేను పెళ్ళి బీరు పోస్తుంటే, పందుల కాపరి డన్ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"టోవమ్మా, పక్క ఊళ్ళో కుక్కలు దిగాయి. షెరీఫ్ మనిషి డ్రోగో వచ్చాడు. రేపు మన ఓక్ అడవి గాలిస్తాడట."

ఆ అడవిలో ఎవరున్నారో తెలిసినవాళ్ళం ముగ్గురమే. నేను, డన్, లియోవెన్. ఉన్నది లియోవెన్ తమ్ముడు ఆల్నోత్. పందొమ్మిదేళ్ళ మొండి వెధవ. కొత్త రాజు మీద తిరగబడి అడవిపట్టిన కుర్రాళ్ళతో చేరి, రాజు తరఫున జిల్లాని ఏలే షెరీఫ్ గాదెకి నిప్పు పెట్టాడు. పారిపోతూ కప్పు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. బొగ్గులు కాల్చేవాళ్ళు వదిలేసిపోయిన గుడిసెలో పది రోజులుగా కదల్లేక పడి ఉన్నాడు. కుక్కలకి దొరికితే ఇక వాడికి ఉరితాడే.

అందుకని మా ఆశంతా పొద్దుటి కానుక మీద పెట్టుకున్నాం.

మాలో పెళ్ళయిన మర్నాడు పొద్దున్నే మొగుడు పెళ్ళానికి భూమి ఇస్తాడు. గుమ్మం ముందు నలుగురూ చూస్తుండగా ఏం కావాలని అడుగుతాడు, ఆమె చెబుతుంది. ఆ భూమిలోంచి గడ్డితో సహా ఒక మట్టిపెళ్ళ తెచ్చి, మధ్యాహ్నం గంట కొట్టేలోపు ఆమె చేతిలో పెడతాడు. ఇక అది ఆమెదే. ఆమె సెలవు లేకుండా అందులో మొగుడు కూడా కాలు పెట్టకూడదు, షెరీఫ్ కుక్కల సంగతి చెప్పేదేముంది. పాత చట్టాలు పాతలాగే ఉంటాయని కొత్త రాజు కూడా ఒట్టేశాడు మరి. నియమం ఒక్కటే. ఆమె తనంతట తాను నోరు తెరిచి అడగకూడదు. అలా అడిగి తెచ్చుకున్నది కానుక కాదు, ముష్టి.

"ఓక్ అడవి కోరుకుంటానత్తా," అంది లియోవెన్, నేను దాని జడ విప్పుతుంటే. "వాళ్ళు వచ్చేసరికి అది నాదైపోతుంది. నా అడవిలో నా తమ్ముడు నిశ్చింతగా పడుకుంటాడు."

"ఆయన అడిగేదాకా ఆగు మరి. తొందరపడి నువ్వే అనేయకు."

"అడుగుతాడంటావా?"

"అడక్కుండా ఎలా ఉంటాడే? మనిషి కాడూ?" అన్నాను.

మనిషే. ఫ్రెంచి మనిషి. ఆ తేడా నా బుర్రకి అప్పుడు తట్టలేదు.

*

పొద్దున వాన వెలిసింది. పెద్దింటి గుమ్మం ముందు ఊళ్ళో ఆడవాళ్ళంతా చేరారు. సాక్ష్యానికి ఎడ్మర్ ఫాదరు వచ్చాడు. ఆయన కంటే ముందే ఆయన పెళ్ళాం ఎల్విత్ (మా ఫాదర్లు పెళ్ళి చేసుకుంటారు) వచ్చి, బాగా కనపడే చోటు చూసుకుని నిలబడింది. దొర ఏమిస్తాడు? మిల్లు ఇస్తాడని కొందరు. ఏటిపక్క గడ్డిమైదానమని కొందరు. వేడి రొట్టె తుంచుకు తింటూ అందరూ తలో మాట.

తలుపు తెరుచుకుంది. సెర్లో బయటికి వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. పొడుగ్గా, కాస్త వంగి నడుస్తాడు. వాళ్ళ పద్ధతిలో మెడ వెనకంతా నున్నగా గొరిగించుకుంటాడు, మా ఫాదర్లు తల గొరిగించుకున్నట్టు. మొదటిసారి ఈ ఫ్రెంచి వాళ్ళు ఊళ్ళోకి వచ్చినప్పుడు ఇంతమంది ఫాదర్లు కత్తులెందుకు పట్టుకున్నారని మా ఎల్విత్ నోరు వెళ్ళబెట్టింది.

అంతమందిని చూసి సెర్లో ముఖం విప్పారింది.

"మంచి పొద్దున! అందరూ వచ్చారు! వాన లేదు! మంచి!"

మా భాషలో 'మంచి' అన్న మాట ఒకటి దొరికింది అతనికి, ఎక్కడ పడితే అక్కడ వాడతాడు. ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు.

"మోరెల్‌కి కాలు బాగోలేదు," అని తన గుర్రం సంగతి చెప్పి, మాకందరికీ చెయ్యి ఊపి, గుర్రపు సాల వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

రొట్టె నములుతున్నవాళ్ళు నమలడం మానేశారు.

సరిగ్గా అప్పుడే లియోవెన్ బయటికి వచ్చింది. పెళ్ళైన ఆడవాళ్ళు కట్టుకునే తలగుడ్డ మొదటిసారి కట్టుకుంది. కట్టింది నేనే. వాళ్ళమ్మ బతికుంటే ఇంకా బాగా కట్టేది. చేతులు రెండూ కాస్త ముందుకు పెట్టుకుని వచ్చింది పిచ్చిపిల్ల, మట్టిపెళ్ళ అందుకోవడానికి. వాకిట్లో మొగుడు లేడు. దూరంగా గుర్రపు సాలలోకి దూరుతున్న గొరిగిన మెడ కనిపించింది, అంతే.

"పిల్ల నచ్చలేదా ఏంటి?" ఎల్విత్ గుసగుసలాడాననుకుంది. ఊరంతా వింది. "ఏమీ ఇవ్వకపోతే అర్థం అదేగా?"

లియోవెన్ చెవులు ఎర్రబడ్డాయి. తల మాత్రం దించలేదు. మా అన్న కూతురు కదా. మెల్లిగా చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అత్తా, నువ్వేం మాట్లాడకు," అంది, పెదవులు కదలకుండా. "అడిగితే ముష్టి."

"నువ్వు అడక్కూడదు," అన్నాను. "నేను అడక్కూడదని ఎవరన్నారు?"

చేతులు తుడుచుకుని గుర్రపు సాలకి బయల్దేరాను. నాకు కోపం వస్తే ఎవరూ అడ్డం రారు. అప్పుడు కోళ్ళు కూడా తప్పుకున్నాయి.

*

సెర్లో గడ్డిలో కూర్చుని, మోరెల్ ముందుకాలు ఒళ్ళో పెట్టుకుని, గిట్టలో ఇరుక్కున్న రాయిని కత్తిమొనతో తీస్తున్నాడు. ఆ కత్తి అతని నడుమున లేకుండా ఎప్పుడూ చూడలేదు నేను. తెల్లటి ఎముక పిడి, వాళ్ళ నాన్న ఇచ్చిందట. గుర్రానికి నెప్పి పుట్టకుండా వాళ్ళ భాషలో ఏదో గొణుగుతున్నాడు. అంత మెత్తగా గుర్రంతో మాట్లాడేవాడు ఆడపిల్లని నలుగురిలో నిలబెట్టి ఎలా వచ్చాడా అని నాకు ఇంకా మండింది.

"అల్లుడు గారూ! గుర్రం కులాసాయేనా?"

"అత్తా! రా, రా. కులాసా. రాయి ఉంది, చిన్న రాయి. వచ్చేస్తుంది."

"రానీండి. మరి అక్కడ వాకిట్లో మీ పెళ్ళాం నిలబడి ఉంది, దాని సంగతేంటి? దాని కాల్లో ఏ రాయీ లేదనా?"

అతను తలెత్తాడు. నేను ఆగలేదు.

"మా పిల్ల మీకు నచ్చకపోతే నిన్ననే చెప్పాల్సింది. చర్చి ముందు చెప్పాల్సింది. మూడు పీపాల బీరు తాగి, పంది మాంసం తిని, తెల్లారి ఇలా ఉత్తచేతులతో బయటికి నడిచి వస్తారా? ఊరంతా చూస్తుండగా? మీ దేశంలో సిగ్గూ శరం ఓడ ఎక్కేటప్పుడే ఒడ్డున వదిలేసి వస్తారా?"

అందులో సగమే అర్థమైందనుకుంటాను. ఆ సగం చాలింది. గుర్రం కాలు నెమ్మదిగా కింద పెట్టి లేచాడు.

"నచ్చలేదు? ఎవరు అన్నారు? నాకు... చాలా, చాలా నచ్చింది."

"మరి కానుకేదీ?"

"ఇచ్చాను కదా!"

"ఎప్పుడు?"

"నిన్న. చర్చి తలుపు దగ్గర. మూడో వంతు."

నాకు దిమ్మ తిరిగింది. నిన్న చర్చి గుమ్మం ముందు అతను వాళ్ళ భాషలో గడగడా ఏదో అనేశాడు, నిజమే. వాన గురించి విసుక్కుంటున్నాడని నేను, ప్రార్థన అని ఎడ్మర్ ఫాదరు అనుకున్నాం. ఫాదరు చివర్లో ఆమెన్ కూడా అన్నాడు.

"మూడో వంతు ఏంటి?"

"నాకు ఉన్న భూమి, అందులో మూడో వంతు. లియోవెన్‌కి. మా ఊళ్ళో అలాగే. చర్చి తలుపు దగ్గర అందరూ వినాలి, గట్టిగా చెప్పాలి. నేను గట్టిగా చెప్పాను." పాపం, గట్టిగానే చెప్పాడు.

"సరే. ఆ మూడో వంతు దాని చేతికి ఎప్పుడొస్తుంది?"

"నేను చచ్చాక," అన్నాడు గర్వంగా.

"చచ్చాకా!" అన్నాను. మోరెల్ బెదిరి వెనక్కి తగ్గింది. "చచ్చాక ఇచ్చేది కానుకెలా అవుతుంది నాయనా? కొత్త పెళ్ళికూతురు పొద్దున్నే లేచి, మొగుడెప్పుడు పోతాడా అని ఎదురుచూస్తూ కూర్చోవాలా?"

అతను నా ముఖంలోకి చూశాడు. "ఇక్కడ ఎప్పుడు ఇస్తారు?"

"పెళ్ళైన మర్నాడు పొద్దున్నే. బతికుండగా. గుమ్మం ముందు, నలుగురూ చూస్తుండగా. ఏం కావాలో ఆమెని అడిగి. ఇవ్వలేదంటే నువ్వు నాకు అక్కర్లేదు అని చెప్పినట్టు."

అతని ముఖం ఎలా పాలిపోయిందో చెప్పలేను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలోనే నాకు ఆ ఫ్రెంచి వాడి మీద మనసు కరిగింది. తప్పు చేసినవాళ్ళని చాలామందిని చూశాను. తెలియక చేసిన తప్పుకి అంతగా కుంగిపోయినవాణ్ణి చూడలేదు.

"ఆమె ఇప్పుడు... అక్కడ నిలబడి ఉందా? అందరిలో?"

"నిలబడే ఉంది. తల దించలేదు."

కత్తి ఒరలో దోపుకున్నాడు. చేతులకి పేడ, మోకాళ్ళకి గడ్డి. కడుక్కోమని చెప్పేలోపే పరిగెత్తాడు. తప్పు మాదీ కొంత ఉంది. పెళ్ళి మాటలప్పుడే ఇవన్నీ పెద్దవాళ్ళు మాట్లాడుకోవాలి. మాట్లాడాల్సిన మగవాళ్ళంతా హేస్టింగ్స్ మట్టిలో ఉన్నారు, నాకేమో ఎవరికైనా ఈ ముక్క తెలియకుండా ఉంటుందన్న ఊహే లేదు.

*

నేను ఆయాసపడుతూ వచ్చేసరికి అతను లియోవెన్ ముందు నిలబడి ఉన్నాడు.

"లియోవెన్. నాకు తెలీదు. నేను గాడిద." తర్వాత ఊరి వైపు తిరిగి, అందరికీ వినపడేలా మళ్ళీ చెప్పాడు. "నేను గాడిద. ఆమె తప్పు లేదు."

ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. ఎల్విత్ కూడా కాస్త మెత్తబడింది.

"ఏం కావాలి నీకు? మిల్లు? మిల్లు తీసుకో. మంచి మిల్లు."

గుమ్మం ముందు గుంపు ఒక్కసారిగా అబ్బో అంది. ఊళ్ళో అందరి గింజలూ విసిరే మిల్లు. అది చేతిలో ఉంటే లియోవెన్‌కి జన్మలో లోటుండదు.

"ఓక్ అడవి," అంది లియోవెన్.

"ఏంటి?"

"కొండ మీద ఓక్ అడవి. అది చాలు నాకు."

ఎల్విత్ నెత్తి కొట్టుకుంది. అక్కడ ఉన్నవి రాళ్ళూ రప్పలూ, పందులకి కాయలు రాలుతాయి, అంతే. సెర్లో పెళ్ళాం ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"పందుల కోసమా?"

"పందుల కోసమే," అంది. అంటుంటే దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మంచిది. అడవి నీది," అన్నాడు. "మట్టి తెస్తాను."

ఏ భూమి ఇస్తే ఆ భూమిలో మట్టే తేవాలి. ఈ సంగతి మాకు తెలియనిదా! కానీ ఏటిపక్క మైదానమైనా, మిల్లు వెనక దొడ్డైనా మట్టి తేవడానికి పెద్దవాళ్ళు ఎవరినో పంపడమే అలవాటు. దొర స్వయంగా కొండెక్కుతాడని ఎవరమూ అనుకోలేదు.

"డన్ తెస్తాడు బాబూ," అన్నాను, గొంతులోకి ఎక్కడలేని తీపి తెచ్చుకుని. "వాడికి దారి తెలుసు. మీరు కూర్చోండి, రొట్టె తినండి."

"కానుక నాది. చెయ్యి కూడా నాది ఉండాలి," అని నవ్వి, గుర్రం కుంటుతోంది గనక నడిచే బయల్దేరాడు. డన్ వెనకే పడ్డాడు గానీ ముసలి కాళ్ళు. మొదటి మలుపులోనే ఆగి రొప్పుతూ నిలబడిపోయాడు.

నేనూ లియోవెన్ లోపలికి వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చున్నాం.

"నేనే పంపించానత్తా," అంది. "మిల్లు తీసుకుని నోరు మూసుకోవాల్సింది. అతను అసలు కొండ మీదకి ఎన్నడూ వెళ్ళనివాడు. నేనే తమ్ముడి దగ్గరికి పంపించాను."

"గుడిసె లోపలికెక్కడికో ఉంది కదే. మట్టి అంచులోనే తవ్వుకుని వచ్చేస్తాడు."

"రాత్రి ఏం జరిగిందో తెలుసా నీకు?" అంది లియోవెన్. "నేను వణుకుతూ గోడ వైపు తిరిగి పడుకున్నాను. దుప్పటి తీసి నా మీద కప్పి, 'నీకు భయం. నాకు తొందర లేదు' అని చెప్పి, వెళ్ళి కింద కుక్క పక్కన పడుకున్నాడు. ఎల్విత్ వదినకి చెప్పకు."

"దానికి చెబితే పక్క జిల్లాకి చెప్పినట్టే," అన్నాను.

"మంచివాడత్తా. భయం కూడా అందుకే. అడవిలో దొరికిన ఏ మనిషినైనా అప్పగిస్తానని షెరీఫ్‌కి ఒట్టేశాడు. చెడ్డవాడైతే ఒట్టు తప్పేవాడు. ఇతను తప్పడు."

దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చిన్నప్పుడు వాళ్ళమ్మ పోయిన రోజున కూడా ఇలాగే పట్టుకుని కూర్చున్నాను.

బయట కుక్కలు మొరిగాయి. మా ఊరి కుక్కలు కాదు.

*

నలుగురు మనుషులు, ఆరు వేటకుక్కలు, ముందు డ్రోగో. సెర్లో వచ్చిన ఓడలోనే వచ్చాడితను. మా భాష సెర్లో కంటే బాగా వచ్చు. వచ్చిన భాషంతా ఎత్తిపొడవడానికే వాడతాడు.

"ఏడమ్మా మన పెళ్ళికొడుకు? ఇంకా నిద్ర లేవలేదా? లేక పారిపోయాడా?"

"కానుక తేవడానికి వెళ్ళారు," అంది లియోవెన్, గుమ్మంలో నిటారుగా నిలబడి.

"మంచిదే. నేను ఆ ఓక్ అడవి ఒకసారి గాలించి పోతాను. దొర సెలవు కావాలి. ఆలస్యమైతే తర్వాత తీసుకుంటాను సెలవు."

"ఇంత దూరం వచ్చారు, గొంతు తడుపుకోండి," అని పీపా అడుగున మిగిలిన మడ్డి పోశాను. తాగడానికి ఎంతసేపు పడితే అంతసేపూ మాకు లాభం. రెండు గుక్కలు తాగి ముఖం చిట్లించి, మనుషులకి సైగ చేశాడు. కుక్కల తాళ్ళు వదులయ్యాయి.

అప్పుడు కొండ మలుపులో సెర్లో కనపడ్డాడు. దిగి వస్తున్నాడు, మెల్లిగా, రెండు చేతుల్లో మట్టిపెళ్ళ పట్టుకుని. నేను అతని ముఖమే చూశాను. ఏమీ చెప్పని ముఖం. జుట్టులో ఎండిన ఆకు ఒకటి ఇరుక్కుని ఉంది. ఆ మట్టిపెళ్ళ చూస్తే మామూలప్పుడైతే తిట్టేదాన్ని. చక్కగా నాలుగు పక్కలా కోసి తెస్తారు ఎవరైనా. ఇతను కోడి కెలికినట్టు పీక్కొచ్చాడు. అంచులు ఊడిపోతున్నాయి, గోళ్ళ నిండా మన్ను. మధ్యలో జానెడు ఓక్ మొక్క ఒకటి నిలబడి ఉంది. మట్టి తీయడం కూడా రాదు పాపం అనుకున్నాను.

డ్రోగోని చూశాడు, తల ఊపాడు, ఆగలేదు. నేరుగా వచ్చి లియోవెన్ చేతుల్లో మట్టి పెట్టాడు.

"ఓక్ అడవి. చెట్లు, నేల, అందులో ఉన్నదంతా. నీది. నేను బతికుండగా," అని నా వైపు ఒకసారి చూసి, "చచ్చాక కూడా," అన్నాడు.

"చూశాను, విన్నాను," అన్నాడు ఎడ్మర్ ఫాదరు. ఆ మాట అనగానే చర్చిలో మధ్యాహ్నం గంట మోగింది. ఆయన చెయ్యెత్తి ఆశీర్వదించాడు.

"బాగుంది, ముచ్చటగా ఉంది," అన్నాడు డ్రోగో. "సెర్లో, అడవి గాలించాలి. సెలవివ్వు."

వాళ్ళిద్దరూ వాళ్ళ భాషలోనే మాట్లాడుకోవచ్చు. అయినా సెర్లో మా భాషలోనే జవాబిచ్చాడు, ఊరంతా వినేలా.

"నాది కాదు. ఆమెని అడుగు."

"పెళ్ళాన్నా?" డ్రోగో పగలబడి నవ్వాడు. ఎవరూ కలిసి నవ్వకపోయేసరికి ఆపాడు. "సరే. ఏమంటావమ్మా?"

లియోవెన్ మట్టిపెళ్ళని గుండెకి దగ్గరగా పట్టుకుంది.

"నా పందులు కాయలు మేస్తున్నాయి. కుక్కలు వస్తే చెదిరిపోతాయి. సెలవు లేదు."

"పాత చట్టం," అన్నాడు ఫాదరు, ఎల్విత్ తన వీపులో పొడిచాక. "మీ రాజు కూడా దానికి ఒట్టేశాడు."

డ్రోగో ఫాదరుని చూశాడు, పిల్లని చూశాడు, ఊరి ఆడవాళ్ళందరినీ చూశాడు. చేతుల్లో రొట్టెలు ఒత్తే కర్రలు పట్టుకుని నిలబడ్డ అంతమంది ఆడవాళ్ళని ఎవరైనా లెక్కచేయాల్సిందే.

"షెరీఫ్ ముద్ర వేసిన హుకుం తెస్తాను," అన్నాడు. "పందులకి చెప్పమ్మా, ఈ రెండు రోజులూ బాగా తినమని." గుర్రమెక్కి కుక్కల్ని కూడగట్టుకున్నాడు.

వాళ్ళు వాకిలి దాటుతుంటే సెర్లో ఒక చేత్తో లియోవెన్‌ని, ఇంకో చేత్తో దాని చేతుల్లోని మట్టిని పట్టుకున్నాడు. పక్కనే ఉన్నాను గనక నాకు వినపడింది.

"పందుల కోసం అడిగినప్పుడు ఏడ్చావు," అన్నాడు మెల్లిగా. "పందుల కోసం ఎవరు ఏడుస్తారు? అందుకే లోపలికి వెళ్ళి చూశాను."

లియోవెన్ తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

"అక్కడ ఒక పంది ఉంది. గుడిసెలో. కాలు విరిగింది. నీ కళ్ళు, నీ ముక్కు. నీకంటే ఎక్కువ కోపం." కొంచెం ఆగాడు. "నమ్మలేదు నన్ను. దగ్గరికి వెళ్తే కరిచేలా ఉంది. అప్పుడు నా కత్తి దాని చేతిలో పెట్టాను. వీపు తిప్పి కూర్చున్నాను, చాలాసేపు. అప్పుడు నమ్మింది. కాలు సరిచేసి, బద్దలు పెట్టి కట్టాను. గుర్రాలకి కట్టినట్టే. నడుస్తుంది. కత్తి ఇంకా దాని దగ్గరే. తీసుకోలేకపోయాను. అడిగితే మళ్ళీ భయపడుతుంది."

"షెరీఫ్‌కి ఒట్టేశారు మీరు," అంది లియోవెన్.

"మనిషి దొరికితే అప్పగిస్తానని ఒట్టు. పంది గురించి అడగలేదు వాళ్ళు."

లియోవెన్ మట్టితో సహా అతని భుజం మీద తల ఆనించింది. నిన్న చర్చి ముందు పెట్టని ముద్దు అప్పుడు పెట్టింది, ఊరంతా చూస్తుండగా, పేడ చేతుల ఫ్రెంచి వాడికి. నేను ఇటు తిరిగి ముక్కు తుడుచుకున్నాను. ఈ సంతోషం మా అన్న చూడలేదే అని ఒక్క క్షణం దుఃఖమొచ్చింది.

"సెర్లో!"

డ్రోగో వాకిలి బయట గుర్రాన్ని తిప్పి నిలబెట్టి ఉన్నాడు. ఎప్పటినుంచి చూస్తున్నాడో తెలియదు. అతని కళ్ళు లియోవెన్ చేతుల్లో మట్టి మీద ఉన్నాయి, ఊడిపోతున్న ఆ అంచుల మీద.

"ఆ మట్టి కోసింది కాదు, పీకింది," అన్నాడు. "గోళ్ళతో ఎందుకు పీకావు? మీ నాన్న కత్తి ఏదీ? ఓడలో నిద్రలో కూడా తీయనివాడివే."

సెర్లో చెయ్యి నడుముకి పోయింది. అక్కడ ఒర ఖాళీగా వేలాడుతోంది. అబద్ధం చెప్పడం రాని మనిషి. మా భాషలోనే కాదు, వాళ్ళ భాషలో కూడా రాదని ఆ ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

"నా దగ్గరుంది," అంది లియోవెన్. కొత్త మొగుడి ముందుకి వచ్చి నిలబడింది. "ఇంట్లో ఉంది. పొద్దున రొట్టె కోయడానికి నేనే తీసుకున్నాను."

డ్రోగో గుర్రం దిగాడు. కళ్ళెం తన మనిషి చేతికిచ్చి, తాపీగా నడుచుకుంటూ వచ్చి, మా గుమ్మం ముందు బల్ల మీద కూర్చున్నాడు.

"నాకూ ఆకలేస్తోందమ్మా," అన్నాడు. "ఆ కత్తి తెచ్చి ఒక ముక్క కోసి పెట్టు."